తొంభై నిమిషాలు

ఆ ఆసుపత్రిలో అతని అసలు పేరు జీతాల కాగితానికి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరూ చక్రం అనే పిలుస్తారు. ఆపరేషను బల్ల చివర ఒక ఇనప చక్రం ఉంటుంది. రోగి పాదానికి మందపాటి బూటు తొడిగి, చక్రం తిప్పుతూ కాలిని లాగితే, తుంటి దగ్గర గిన్నెలోంచి ఎముక గుండు వేలెడు మందం ఎడంగా జరుగుతుంది. ఆ సందులోకే డాక్టరు కెమెరా దూర్చి లోపలి పని చేస్తాడు. "ఇక్కడ చక్రం తిప్పేది పెద్ద డాక్టరుగారని అందరూ అనుకుంటారు. తిప్పేది నేనమ్మా!" అని కొత్తగా చేరిన సిస్టర్లకు చెప్పి నవ్విస్తాడు. ఎనిమిదేళ్ళుగా అదే జోకు. సిస్టర్లు మారుతుంటారు కాబట్టి చెల్లుబాటవుతోంది.

సోమవారం పొద్దున్నే అతను చేసే మొదటి పని రిజిస్టరు నింపడం. రోగి పేరు, వయసు, కుడి కాలా ఎడమ కాలా, చివరి గడిలో కాలు లాగి ఉంచిన సమయం. ఆ గడిలో వారం మొత్తానికీ ఒకేసారి "90 ని." అని రాసుకుంటూ పోతాడు. ఆపరేషన్లు ఇంకా జరగకముందే. ఇందులో మోసమేమీ లేదని అతని నమ్మకం. పని అయ్యాక చేతులు కీలులోకి ఎక్కించే ఉప్పునీళ్ళతో తడిసి ఉంటాయి, తరవాతి రోగి తలుపు దగ్గరే ఉంటాడు, పెద్ద సిస్టరు పుస్తకం తెమ్మని కేకలేస్తుంది. ఈ పద్ధతి నేర్పింది కూడా ఆవిడే. రెండు గంటలు దాటి లాగి ఉంచితే నరం దెబ్బతింటుందంటారు కనక, తొంభై అని ఉంటే అడిగేవాళ్ళుండరు.

అసలు సమయానికి అతని దగ్గర వేరే ఏర్పాటుంది. తెల్ల ప్లాస్టరు చిన్న ముక్క కత్తిరించి, లాగడం మొదలుపెట్టిన టైము దానిమీద పెన్నుతో రాసి, రోగి పిక్కకు చుట్టిన కట్టుమీద అంటిస్తాడు. వదిలినప్పుడు పక్కనే ఆ టైమూ రాస్తాడు. రోగిని బయటికి పంపేముందు పీకి బుట్టలో పడేస్తాడు. పుస్తకం పై అధికారుల కోసం, పట్టీ కాలికోసం. ఆ పట్టీ చూసే ప్రతి అరగంటకూ గట్టిగా చెబుతాడు, అరగంట అనీ గంట అనీ. ఆ ఒక్క విషయంలో అతనికి గర్వం.

ఆ రోజు బల్లమీదికి వచ్చింది టైల్స్ మేస్త్రీ. ముప్ఫై దాటి ఒకటో రెండో. చేతివేళ్ళ సందుల్లో ఎంత కడిగినా పోని తెల్లటి పొడి.

"ఏ కాలు మేస్త్రీ?" అని అడిగాడు చక్రం. కాగితంలో రాసి ఉన్నా నోటితో చెప్పించుకోవడం అతని అలవాటు.

మేస్త్రీ ఎడమ తుంటిని బొటనవేలు వెనక్కీ, తక్కిన వేళ్ళు ముందుకీ వచ్చేలా గుప్పిట్లో పట్టుకుని చూపించాడు. ఇలా పట్టుకునేవాళ్ళందరిదీ ఒకే జబ్బని చక్రానికి తెలుసు. డాక్టర్లకు ఆ సంగతి తేలడానికి మూడు రకాల ఫోటోలు కావాలి.

"నాలుగేళ్ళు తిరిగాను బాబాయ్. ఒకాయన నడుమన్నాడు, ఒకాయన గజ్జల్లో కండరమన్నాడు. ఇంకొకాయన గ్యాసన్నాడు."

"తుంటిలో గ్యాసా!"

"నేనూ అదే అడిగాను. ఎక్కడైనా ఉంటుందన్నాడు." మేస్త్రీ నవ్వి, వెంటనే నవ్వాపేశాడు. "మా పనంతా గొంతుకు కూర్చునే కదా. నేను టైలు వేసుకుంటూ వెనక్కి జరుగుతుంటే మా ఆవిడ ముందునుంచి సందులు నింపుకుంటూ వస్తుంది. నేనెంత వంకరగా వేసినా తనే సర్దాలి. సంసారంలోనూ అంతే. ఇప్పుడు కింద కూర్చుంటే లేవలేకపోతున్నాను. ఇది చేశాక మళ్ళీ గొంతుకు కూర్చుంటానా బాబాయ్? అదొక్కటీ చెప్పు."

"నాలుగైదు నెలలు ఓపిక పట్టు. కూర్చుంటావు. కాలు నాకొదిలెయ్" అన్నాడు చక్రం.

ఆ చివరి మాట అనాల్సిన పని లేదు. ఎవరూ అడగలేదు కూడా. తరవాతి రోజుల్లో ఆ మాట అతనికి చాలాసార్లు గుర్తొచ్చింది.

ఆ రోజు ముగ్గురు డాక్టర్లు వేరే ఊళ్ళనుంచి చూడడానికి వచ్చారు. చుట్టాలొచ్చిన రోజు ఇంటి పెద్ద గొంతు ఎలా మారుతుందో పెద్ద డాక్టరు గొంతు అలా మారింది. మేస్త్రీకి మత్తు ఎక్కింది. చక్రం రెండు పాదాలకూ దూది చుట్టి, కట్టు కట్టి, బూట్లు తొడిగాడు. లాగినప్పుడు ఒళ్ళు జారకుండా తొడల మధ్య ఆనించే, మెత్త చుట్టిన కమ్మీ సరిచూశాడు. చక్రం తిప్పాడు. ఎక్స్‌రే తెరమీద గుండుకీ గిన్నెకీ మధ్య నల్లటి సన్నని సందు తెరుచుకుంది. పట్టీమీద 9.10 అని రాసి ఎడమ పిక్కమీద అంటించాడు.

"ఇతని ఎముక చూడండి" అని పెద్ద డాక్టరు మొదలుపెట్టాడు. "గుండు కింద మెడ సన్నగా ఉండాలి. ఇక్కడ బుడిపె ఉంది. పన్నెండు పదమూడేళ్ళప్పుడు, ఎముక ఇంకా పెరుగుతుండగా బాగా పరుగులు, ఆటలు ఆడినవాళ్ళలో ఇది ఎక్కువ. ఇతను స్కూల్లో ఫుట్‌బాల్ ఆడేవాడట. పెద్దయ్యాక రోజంతా గొంతుకు కూర్చునే పని పట్టాడు. మోకాలు గుండెలకి తగిలేలా వంచిన ప్రతిసారీ ఈ బుడిపె గిన్నె అంచుని కొడుతుంది. అంచు చుట్టూ మెత్తటి పట్టీ ఉంటుంది కదా, అది నలిగి నలిగి చిరిగింది. కొందరిలో గుండు బాగానే ఉంటుంది, గిన్నె అంచే ముందుకి పెరిగి ఉంటుంది. ఇతనికి రెండోది లేదు. మనకి పని రెండు భాగాలు. ముందు చిరుగు కుట్టాలి, తరవాత కాలు వదిలేసి బుడిపె చెక్కాలి."

చిరుగు కుట్టడం అతని చేతికి ముప్పావుగంట పని. ఆ రోజు చుట్టాల్లా వచ్చిన ఆ ముగ్గురు డాక్టర్లలో ఒక్కొక్కరికీ ఒక్కో కుట్టూ చూపించాడు. ఒకాయన కెమెరా తానే పట్టుకుంటానన్నాడు. ఇంకొకాయన కుట్టు నిలవడానికి ఎముకలోకి మేకు దిగగొట్టే కోణం మళ్ళీ చూపించమన్నాడు. సందు చాలడం లేదంటే "చక్రం, ఇంకో చుట్టు" అన్నాడు పెద్ద డాక్టరు. చక్రం ఇంకో చుట్టు తిప్పాడు.

"గంటన్నర సార్."

"ఊఁ."

"రెండు గంటలు సార్."

"విన్నాం."

రెండున్నర దగ్గర చక్రం గొంతు కొంచెం పెంచాడు. "రెండున్నర గంటలు సార్. పాదం చల్లబడుతోంది."

పెద్ద డాక్టరు తెరమీంచి కళ్ళు తిప్పలేదు. "నీ పట్టీ ఒకటి నీ నోటికి కూడా వేసుకోరాదూ?" అన్నాడు. చుట్టాలు నవ్వారు. మత్తు ఇచ్చిన డాక్టరమ్మ నవ్వింది. పెద్ద సిస్టరు ముసుగు వెనక ఏం చేసిందో తెలియదు. చక్రం కూడా నవ్వాడు. పాపం, నవ్వడం తప్ప ఆ గదిలో అతనికి ఇంకే పనీ మిగల్లేదు.

కాలు వదిలింది 11.55కి. అలవాటుగా ఆ అంకె కూడా పట్టీమీద రాశాడు. తరవాత బుడిపె చెక్కే మర గీమంటూ గంటసేపు తిరిగింది, తెల్లటి ఎముక పొడి నీళ్ళలో కొట్టుకొచ్చింది. చుట్టాలకు భోజనం వేళ దాటిపోతోందని హడావుడి మొదలైంది. తరవాతి రోగిని తోసుకొచ్చేశారు. బూట్లు విప్పిన చక్రాన్ని ఇంకెవరో పిలిచారు. అతను తిరిగొచ్చేసరికి మేస్త్రీని వార్డుకి తీసుకుపోయారు, కాలికి కట్టుతో సహా.

మర్నాడు పొద్దున వార్డు సిస్టరు థియేటర్ తలుపు దగ్గరికి వచ్చి చక్రాన్ని పక్కకి పిలిచింది. "నిన్నటి టైల్స్ మేస్త్రీ ఎడమ పాదం లేవడం లేదు. లాగుడు ఎంతసేపు పెట్టారేమిటి?"

"పుస్తకం చూసుకో" అన్నాడు చక్రం. అన్నాక నాలుక కొరుక్కున్నాడు.

మధ్యాహ్నం వెళ్ళి చూశాడు. మేస్త్రీ మంచంమీద దిండుకి ఆనుకుని ఉన్నాడు. కుడి పాదం తనవైపుకి పైకి లేపాడు, దించాడు. ఎడమ పాదం లేపడానికి మెడనరాలు ఉబ్బేలా బిగబట్టాడు. పాదం తడిబట్ట వేలాడినట్టు అలాగే ఉంది. అతని భార్య మంచం చివర నిలబడి, తానే వేళ్ళు పట్టుకుని పైకి ఎత్తి, "ఇదిగో, ఇలా. ఇలా అనుకో మనసులో" అంటోంది. వదలగానే పాదం పడిపోయింది.

"గజ్జల్లో కూడా తిమ్మిరిగా ఉంది బాబాయ్. చెప్పుకోలేని చోట" అన్నాడు మేస్త్రీ మెల్లిగా. తరవాత, "మీ అందరికీ శ్రమ ఇస్తున్నాను. నేనే సరిగ్గా లేపడం లేదేమో" అన్నాడు.

చక్రం దుప్పటి లాగి ఆ పాదంమీద కప్పాడు. "మెల్లిగా వస్తుంది. కొందరికి నెలలు పడుతుంది" అని చెప్పి వచ్చేశాడు. కొందరికి రాదని కూడా అతనికి తెలుసు.

మూడో రోజు పొద్దున సూపరింటెండెంటు గదికి రమ్మని కబురొచ్చింది. వెళ్ళేముందు ఇంట్లో గడ్డం గీసుకుంటూ అద్దంలోకి చూసి అన్నాడు, "నూట అరవై అయిదు సార్. నేను మూడుసార్లు చెప్పాను." మళ్ళీ అన్నాడు, కొంచెం గట్టిగా.

"ఎవరితో మాట్లాడుతున్నారు?" అంది భార్య వంటింట్లోంచి.

"అద్దంతో."

"అదొక్కటే మీ మాట వింటుంది" అందామె.

సూపరింటెండెంటు బల్లమీద థియేటర్ రిజిస్టరు అప్పటికే తెరిచి ఉంది. పెద్ద డాక్టరు కిటికీ దగ్గర కూర్చుని టీ తాగుతున్నాడు. చక్రాన్ని చూసి తలాడించాడు, ఎప్పుడూ ఆడించేలాగే. అందులో బెదిరింపేమీ లేదు. బెదిరింపు ఉంటుందనుకుని గుండె రాయి చేసుకొచ్చిన చక్రానికి కాళ్ళకింద మెట్టు ఒకటి తప్పినట్టయింది.

"ఈ కేసులో లాగిన సమయం తొంభై నిమిషాలు. నువ్వు రాసిందేనా?" అన్నాడు సూపరింటెండెంటు.

"నేనే సార్. కానీ..."

"ఆగాగు." సూపరింటెండెంటు పేజీలు వెనక్కి తిప్పాడు. వేలు చివరి గడిమీద పైనుంచి కిందికి జారుతోంది. ఒక పేజీ, ఇంకో పేజీ, ఇంకో నెల, ఇంకో ఏడు. తొంభై, తొంభై, తొంభై. చక్రం నోరు తెరిచి నిలబడ్డాడు. ఒకే పెన్నుతో, ఒకే ఊపులో, ఆపరేషను జరగకముందే రాసిన ఎనిమిదేళ్ళ తన దస్తూరీ ఇలా వరసగా కూర్చుని ఉండడం అతనెప్పుడూ చూడలేదు. ఇప్పుడీ ఒక్కటీ తప్పంటే, తక్కినవన్నీ ఏమిటి? ఎవరు రాయమన్నారంటే ఏం చెప్పాలి? పెద్ద సిస్టరు నేనెప్పుడు చెప్పానంటుంది. ఉద్యోగానికి ఇంకా తొమ్మిదేళ్ళుంది.

సూపరింటెండెంటు పుస్తకం మూశాడు. "అబ్బ! చెయ్యంటే ఇదండీ. ఎనిమిదేళ్ళలో ఒక్క కేసు కూడా తొంభై దాటలేదు" అన్నాడు పెద్ద డాక్టరువైపు తిరిగి. "మీ నిలకడకి దండం పెట్టాలి."

పెద్ద డాక్టరు టీ కప్పు దించి, చక్రంవైపు చూసి, చాలా మర్యాదగా నవ్వాడు. "మావాడి శ్రద్ధ కూడా ఉంది లెండి. నిమిషం తేడా లేకుండా రాస్తాడు" అన్నాడు.

"మరి పాదం ఎందుకు పడిపోయినట్టు?"

"రోజంతా గొంతుకు కూర్చునేవాళ్ళకి మోకాలి పక్కన నరం నొక్కుకుపోతుంది. ఇది తెలిసిన సంగతే. అది ముందే బలహీనపడి ఉంటుంది. ఆపరేషను తరవాత బయటపడింది."

సూపరింటెండెంటు అదే మాట కాగితంమీద రాసుకున్నాడు. అలా రాస్తే ఇకపై ఆ పాదం సంగతితో ఆసుపత్రికి సంబంధం లేదు. మందులూ, కాలికి వేసుకునే పట్టా, కసరత్తులూ, ఆర్నెల్లకో ఏడాదికో ఇంకో ఆపరేషనూ, అన్నీ మేస్త్రీ తంటాలే. రోగం వాడి పనిలోంచి వచ్చింది, వాడి పని ఖాతాలోకే పోయింది.

"నువ్వేదో అనబోయావు" అన్నాడు సూపరింటెండెంటు చక్రంతో.

"ఏం లేదు సార్" అన్నాడు చక్రం.

అక్కడినుంచి తిన్నగా వార్డుకి వెళ్ళాడు. ఎందుకు వెళ్ళాడో అతనికే తెలియదు. మేస్త్రీ కళ్ళు మూసుకుని ఉన్నాడు. అతని భార్య చక్రాన్ని చూడగానే సంచీలోంచి దువ్వెన పెట్టె తీసి, దాని మూతకి అంటించిన తెల్ల ప్లాస్టరు ముక్క చూపించింది.

"అన్నయ్యా, కట్టు విప్పుతుంటే ఇది దొరికింది. మందుల లెక్కేమోనని దాచాను. సిస్టరు తనకి తెలియదంది. ఏమిటిది?"

9.10. దాని పక్కన 11.55. ఒకటి అంకెకి కొక్కెం పెట్టి రాయడం చక్రం ఒక్కడికే అలవాటు. ఆమె వేలిగోరు ఆ అంకెలకింద ఆగి ఉంది. ఆ గోళ్ళలో కూడా సందులు నింపే తెల్ల పొడే.

"అది... బూటు సైజమ్మా" అన్నాడు చక్రం.

"ఆయనది తొమ్మిదే" అందామె సంతోషంగా, ఒక చిక్కు విడిపోయినట్టు. "మరి ఈ పదకొండేమిటి?"

"కట్టు నంబరు. లోపల వాళ్ళకి గుర్తు."

"అదీ సంగతి. నేనింకా ఏదో అనుకున్నాను" అంటూ ఆమె పెట్టె సంచీలో పెట్టేసింది. మేస్త్రీ కళ్ళు విప్పలేదు. కానీ కనురెప్పలకింద గుడ్లు కదిలాయి.

నాలుగో రోజు ఇంటికి పంపేశారు. మామూలుగా చక్రాల కుర్చీ తోసే మనిషి వేరే ఉన్నాడు. చక్రం తానే తోస్తానని తీసుకున్నాడు. మేస్త్రీ ఒళ్ళో చేతికర్రలు, వాటిమీద కాగితాల కవరు. భార్య బండి మాట్లాడడానికి ముందు పరిగెత్తింది. ఎడమ పాదం కుర్చీ పలకమీంచి జారి నేలకి రాసుకుంటోంది. చక్రం రెండుసార్లు ఆగి, వంగి, దాన్ని ఎత్తి పెట్టాడు.

గేటు దగ్గరి నీడలో కుర్చీ ఆపాక మేస్త్రీ అన్నాడు, "మా పనిలో టైలు కింద గమ్ము కలుపుతాం బాబాయ్. పొడిలో నీళ్ళు పోసి మరతో తిప్పుతాం. తిప్పిన వెంటనే బకెట్టుమీద సుద్దతో టైము రాస్తాం. ఎందుకో తెలుసా?"

చక్రం వంగి, మళ్ళీ జారిన పాదాన్ని పలకమీద పెట్టాడు.

"రెండు గంటలు దాటితే చచ్చిపోతుంది. పైకి తెలియదు, మెత్తగానే ఉంటుంది. వేస్తే వేసినట్టే ఉంటుంది. పది రోజులకి టైలు డొల్ల పలుకుతుంది. అందుకని రాసుకుంటాం. కలిపింది ఎప్పుడు, అయిపోయింది ఎప్పుడు. రెండంకెలు." అతను జేబులోంచి ప్లాస్టరు ముక్క తీశాడు. దువ్వెన పెట్టె మూత రంగు దాని అంచులకి అంటుకుని ఉంది. "తను చదువుకోలేదు. నువ్వు సైజంటే సైజే అనుకుంది. నేను నిన్న ఏమీ అనలేదు, తన ముందు నిన్ను పట్టుకోవడం ఎందుకని."

"మేస్త్రీ..."

"గొడవ పెట్టను. కాగితంలో నా పనివల్లే అని రాసేశారు. గొంతుకు కూర్చుని నేనే పాడుచేసుకున్నానట. ఇంటికెళ్ళి రోజూ ఆ పాదం చూసుకుంటూ, నిజంగా నా తప్పేనా అనుకుంటూ బతకాలి కదా. అందుకడుగుతున్నాను. మీ పెద్దవాళ్ళకి చెప్పొద్దు. ఎవరికీ చెప్పొద్దు. నాకొక్కడికి చెప్పు. ఎంతసేపు లాగారు?"

గేటు దగ్గర కాపలావాడు తప్ప ఎవరూ లేరు. వాడు కూడా అటు తిరిగి ఫోను చూసుకుంటున్నాడు. చెబితే పోయేదేమీ లేదు. చక్రానికి అది తెలుసు. నూట అరవై అయిదు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అంతలో ఎనిమిదేళ్ళ గడులు కళ్ళముందు వరసగా దిగాయి. ఇవాళ వీడికి చెబితే రేపు వీడెవరికో చెబుతాడు.

"తొంభై" అన్నాడు చక్రం.

మేస్త్రీ అతని ముఖంలోకి చూశాడు. నేల వాలు చూసే రసమట్టంలో బుడగ ఎక్కడాగిందో చూసుకునే చూపు అది. కోపం లేదు. కొలత అయిపోయింది, అంతే.

"సరే. అయితే ఇది మాది కాదు" అని, చెయ్యి చాచి ఆ ప్లాస్టరు ముక్కని చక్రం చొక్కా జేబుమీద అంటించి, బొటనవేలితో రెండుసార్లు అదిమాడు. టైలు అదిమినట్టు.

బండి వచ్చింది. ఇద్దరు పట్టి ఎక్కించారు. భార్య పాదాన్ని రెండు చేతులతో లోపలికి తీసుకుని, "వెళ్ళొస్తాం అన్నయ్యా, మీ మేలు మరిచిపోం" అంది. ఆమెకి వెటకారం తెలియదు. నిజంగానే అంది.

వసారా పొడుగునా ఆ పట్టీతోనే నడిచాడు చక్రం. పెద్ద సిస్టరు ఎదురుపడి, "జేబుమీద ఏమిటది?" అంది. చేత్తో తడుముకుని, పీకి, ఉండచుట్టి పసుపురంగు చెత్తబుట్టలో వేశాడు. జిగురు మరక మాత్రం చొక్కామీద ఉండిపోయింది.

సోమవారం వచ్చింది. పొద్దున్నే రిజిస్టరు నింపాడు. మొదటి రోగి డ్యాన్సు నేర్చుకునే పిల్ల, పంతొమ్మిదేళ్ళు, కుడి తుంటి. బల్లమీద పడుకుని ఆమె కూడా బొటనవేలు వెనక్కి, వేళ్ళు ముందుకి పెట్టి చూపించింది. "మళ్ళీ ఆడతానా అంకుల్?" అంది. చక్రం కట్టు చుట్టడంలో మునిగిపోయి వినిపించనట్టు ఊరుకున్నాడు.

ఈసారి చుట్టాలు నలుగురు. చక్రం తిప్పాడు. తెరమీద సందు తెరుచుకుంది. అలవాటుగా ప్లాస్టరు ముక్క కత్తిరించాడు, పెన్ను మూత తీశాడు. కాసేపు ఆ ముక్క వేలికి అంటుకుని ఉంది. తరవాత దాన్ని నలిపి బుట్టలో పడేసి, పెన్ను మూత పెట్టేశాడు.

అరగంట అనలేదు. గంట అనలేదు. పెద్ద డాక్టరు ఒక్కో కుట్టూ చూపిస్తూ కథలు చెబుతున్నాడు. నాలుగో చుట్టం కెమెరా పట్టుకుని చాలాసేపయింది. గదిలో ఏదో లోటుగా అనిపించిందేమో, పెద్ద డాక్టరే తల తిప్పకుండా అడిగాడు.

"ఎంతయింది చక్రం?"

గోడ గడియారం అతనికి ఎదురుగానే ఉంది. తలెత్తితే కనిపిస్తుంది. పిల్ల పాదం బూటులోంచి చేతికి చల్లగా తగులుతోంది.

"తొంభై కాలేదు సార్" అన్నాడు చక్రం.